లాలాజీ బే ఎందుకు ఖాళీగా ఉంది?

అండమాన్ ప్యాకేజీలు ఏ ఏజెంటు దగ్గర తీసుకున్నా దాదాపు ఒకేలా ఉంటాయి. ఐదు రాత్రులు, ఆరు పగళ్లు. దిగిన రోజు సెల్యులార్ జైలు, సాయంత్రం అక్కడే లైట్ అండ్ సౌండ్ షో. మర్నాడు రాస్ ఐలాండ్, నార్త్ బే. ఆ తర్వాత హేవ్‌లాక్‌లో రెండు రాత్రులు, నీల్‌లో ఒకటి, తిరిగి పోర్ట్ బ్లెయిర్, విమానం. పేర్లలో కొన్ని మారాయి. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. జనం నోట పాత పేర్లు ఇంకా పోలేదు కాబట్టి ఇక్కడా వాటినే వాడుకుందాం.

ఈ ప్యాకేజీలో ఎక్కడా కనిపించని పేరు లాలాజీ బే. మధ్య అండమాన్‌కు తూర్పున లాంగ్ ఐలాండ్ అనే చిన్న దీవి ఉంది. ఆ దీవిలో ఊరు ఒక పక్కన ఉంటే, అడవి దాటి వెళ్తే వచ్చే అఖాతం ఇది. తెల్లటి ఇసుక, ఒడ్డు దాకా దిగివచ్చిన చెట్లు, లోతు తక్కువగా ఉన్నచోట లేత ఆకుపచ్చ నీళ్లు. అందంలో హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌కు తీసిపోదు. అక్కడ సాయంత్రమైతే ఇసుక కనిపించనంత జనం, ఇక్కడ డిసెంబరు సెలవుల్లో కూడా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఎందుకిలా? ఇంకా ఎవరికీ తెలియని చోటు కాబట్టి అని ట్రావెల్ వీడియోలు చెబుతాయి. అది నిజం కాదు. గైడు పుస్తకాలు లాలాజీ బే గురించి ఏళ్లుగా రాస్తూనే ఉన్నాయి. అసలు కారణం పడవల టైం టేబుల్లో ఉంది.

ముందు రాధానగర్ సంగతి చూస్తే ఇది తేలికగా అర్థమవుతుంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మేటి బీచ్ అని రాసినప్పటి నుంచి దాని పేరు మోగిపోతోంది. 2020లో దేశంలో తొలిసారి బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) దక్కిన ఎనిమిది బీచ్‌లలో అదొకటి. మన రుషికొండ కూడా ఆ జాబితాలోదే. అయితే పేరు ఒక్కదాని వల్లే రద్దీ పుట్టదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలు గంటన్నరలో చేరుస్తాయి, ప్రభుత్వ పడవ ఇంకో గంట ఎక్కువ తీసుకుంటుంది. అవన్నీ ఇంచుమించు ఒకే వేళల్లో జనాన్ని దింపుతాయి. దిగినవాళ్లు హోటల్లో సామాను పడేసి, భోజనం చేసి, సూర్యాస్తమయం చూడడానికి ఒకే రోడ్డు మీద ఒకే చోటికి వెళ్తారు. దానికితోడు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఎల్‌టీసీలో, అంటే సెలవు ప్రయాణానికి ప్రభుత్వమిచ్చే రాయితీలో, అండమాన్ వెళ్లడానికి ప్రత్యేక వెసులుబాటు ఉంది. కోవిడ్‌కు ముందే ఏడాదికి సుమారు 5 లక్షల మంది పర్యాటకులు వచ్చేవారు. 2011 లెక్కల ప్రకారం ద్వీపాల మొత్తం జనాభాయే 3.8 లక్షలు. అంతమందిలో ఎక్కువ భాగం రెండు దీవులకే పోతుంటే, వాటిలోనూ మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర మధ్య ఒకే ఇసుక మీద చేరుతుంటే, తిరునాళ్లలా కాక ఇంకెలా ఉంటుంది? అదే రాధానగర్ పొద్దున ఆరున్నరకు దాదాపు ఖాళీ. ఆ సంగతి ఏ ప్యాకేజీలోనూ రాయరు, ఆ వేళకు జీపు పంపేవాళ్లు తక్కువ కాబట్టి.

ఇక లాంగ్ ఐలాండ్. పోర్ట్ బ్లెయిర్‌లోని ఫీనిక్స్ బే జెట్టీ నుంచి హేవ్‌లాక్ మీదుగా ప్రభుత్వ పడవ వెళ్తుంది. వారంలో కొన్ని రోజులే ఉంటుంది, చేరడానికి దాదాపు పగలంతా పడుతుంది. రెండో దారి రోడ్డు మీదుగా మధ్య అండమాన్‌లోని రంగత్ దాకా వెళ్లి, అక్కడి యెరట్టా జెట్టీలో చిన్న పడవ ఎక్కడం. అందులో గంట ప్రయాణం. ఎటు వెళ్లినా పోను ఒక రోజు, రాను ఒక రోజు. అఖాతం చూడాలంటే మధ్యలో కనీసం ఒక రోజు. పడవ లేని రోజు మధ్యలో తగిలితే మరొకటి. ఆరు రోజుల ప్యాకేజీలో నాలుగు రోజులు ఒక్క చోటికే పోతే ఏజెంటుకు గిట్టదు, సెలవు పెట్టి వచ్చిన కుటుంబానికి అసలే గిట్టదు. లాలాజీ బే ప్రశాంతత అంతా ఈ లెక్కలోనే ఉంది. ఖర్చు డబ్బులో తక్కువ. రోజుల్లో ఎక్కువ.

చిత్రమేమిటంటే మిగతా ప్రపంచంతో ఆ దీవికి సంబంధం లేదనుకోవడానికీ లేదు. 2020 ఆగస్టులో ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్‌లతో పాటు రంగత్‌కూ, లాంగ్ ఐలాండ్‌కూ చేరింది. ఇంటర్నెట్ వేగం పెరిగినా పడవ వేగం పెరగలేదు. అందుకే ఆ అఖాతం ఫోటో లక్షల మందికి చేరినా మనుషులు మాత్రం చేరడం లేదు.

అఖాతానికి రద్దీ ఎందుకు పడదు

తిన్నగా సాగే తీరానికీ అఖాతానికీ తేడా ఉంది. అఖాతానికి రెండు వైపులా కొండచరియలో, ముందుకు పొడుచుకొచ్చిన నేలో ఉండడం వల్ల అలల బలం బయటే విరిగిపోతుంది. లోపల నీళ్లు నిలకడగా ఉంటాయి. ఈత బాగుంటుంది, పగడాలు పెరుగుతాయి, పిల్ల చేపలు దాక్కుంటాయి. ఆ నిలకడే దాని బలహీనత కూడా. నీళ్లు నెమ్మదిగా మారతాయి కాబట్టి లోపల పడింది తొందరగా బయటకు పోదు. పడవ కారిన డీజిలు, ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీన్, కాళ్లతో లేపిన మట్టి అన్నీ అక్కడక్కడే తిరుగుతాయి. లంగరు ఒకసారి ఈడ్చుకుపోతే పోయే కొమ్ము పగడం తిరిగి పెరగడానికి ఏళ్లు కావాలి.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ థాయిలాండ్‌లోని మాయా బే. ఫీ ఫీ లే దీవిలో ఇసుక పట్టీ పావు కిలోమీటరు కూడా ఉండని అఖాతమది. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో కనిపించాక దానికి పేరొచ్చింది. చివరికి రోజుకు 5 వేల మంది దాకా వచ్చే స్థితి వచ్చింది. స్పీడ్ బోట్లు తిన్నగా ఒడ్డుకు వచ్చి ఆగేవి. పగడాలు చాలా మటుకు నాశనమయ్యాయి. 2018 జూన్‌లో నాలుగు నెలలని చెప్పి మూసిన ఆ చోటు మళ్లీ తెరుచుకున్నది 2022 జనవరిలో. ఇప్పుడు పడవలను అఖాతంలోకి రానివ్వరు. దీవి వెనక వైపు లోహ్ సమాలో దిగి నడిచి రావాలి. ఒక విడతలో ఇంతమందే అని లెక్క ఉంది, ఈతకు అనుమతి లేదు, ఏటా వానాకాలంలో కొంతకాలం పూర్తిగా మూసేస్తారు. మూసి ఉంచిన కాలంలో రెక్కల కొసలు నల్లగా ఉండే చిన్న రీఫ్ షార్కులు తిరిగి వచ్చాయి. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మళ్లీ తెరిచేటప్పుడు జనాన్ని తగ్గించడంతో ఆగకుండా పడవ దారి కూడా మార్చారు. చేరడం కాస్త కష్టం చేశారు. లాలాజీ బేకి ఆ కష్టం ఎవరూ పెట్టకుండానే ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. రద్దీని తప్పించుకోవడానికి కొత్త చోటు వెతుక్కోవడం మంచి పనే అన్న నమ్మకం ఎప్పుడూ నిలవదు. రాధానగర్‌లో మరుగుదొడ్లున్నాయి, చెత్తబుట్టలున్నాయి, లైఫ్ గార్డులున్నారు, రోజూ ఊడ్చేవాళ్లున్నారు. వంద మంది అదనంగా వస్తే ఆ ఏర్పాట్లు ఎంతో కొంత తట్టుకుంటాయి. లాలాజీ బేలో అవేమీ లేవు. అక్కడికి వంద మంది ఒకేరోజు వెళ్తే ఒడ్డున పడేసిన బిస్కెట్ కవరు మళ్లీ మనిషి మోసుకొస్తేనే బయటకు వస్తుంది, లేకపోతే పోటు తీసుకెళ్లి పగడాల్లో పెడుతుంది. కాబట్టి జనాన్ని చిన్న చిన్న దీవులకు సర్దితే సమస్య తీరుతుందనే వాదన సగమే నిజం. తక్కువ మంది, ఎక్కువ రోజులు అన్న పద్ధతిలో అయితే కుదురుతుంది. పొద్దున స్పీడ్ బోటులో వచ్చి మధ్యాహ్నం పోయే పద్ధతిని అక్కడికి తీసుకెళ్తే మాయా బే కథే మళ్లీ.

ఖాళీ అంటే ఎవరికి ఖాళీ

లాంగ్ ఐలాండ్ ఎప్పుడూ ఇంత ప్రశాంతంగా లేదు. కలప వ్యాపారం నడిచిన రోజుల్లో అక్కడ ప్లైవుడ్ ఫ్యాక్టరీ ఉండేది, జీతాలుండేవి, సందడి ఉండేది. అండమాన్ అడవుల నరికివేత మీద వేసిన శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా 2002 మేలో సుప్రీం కోర్టు గట్టి ఆంక్షలు పెట్టింది. కలప పరిశ్రమల కాలం దాంతో ముగిసిపోయింది. పర్యాటకుడికి ప్రశాంతంగా కనిపించేది ఊరివాళ్లకు పని పోయిన చోటు కూడా. హోమ్‌స్టేలో గది అద్దె, డుంగీకి కిరాయి, ఇంటి భోజనం అక్కడివాళ్లకు చిన్న విషయాలు కావు. డుంగీ అంటే ఇంజను బిగించిన చిన్న చెక్క పడవ, అండమాన్ అంతటా అదే మాట.

ఊరివాళ్లకు పని కావాలన్నది ఎవరూ కాదనలేరు. ఏ రకం పని అన్న దగ్గరే పేచీ. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో ఎంపిక చేసిన కొన్ని దీవుల్ని అభివృద్ధి చేసే పథకంలో స్మిత్, ఏవిస్ దీవులతో పాటు లాంగ్ ఐలాండ్ కూడా ఉంది. లాలాజీ బే దగ్గర పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం) పద్ధతిలో 220 గదుల ఎకో టూరిజం రిసార్టు కట్టాలని ఆ ప్రణాళిక. గదికి ఇద్దరు చొప్పున లెక్కేసినా 440 మంది అతిథులు, పనిచేసేవాళ్లు వేరు. వాళ్లకు మంచినీళ్లు కావాలి, కరెంటు కావాలి, రోజూ కూరగాయలు కావాలి. అన్నిటికంటే ముందు తరచూ వచ్చే వేగమైన పడవ కావాలి. ఆ పడవ వచ్చిన రోజున పైన చెప్పిన రోజుల లెక్క తారుమారవుతుంది, ఆరు రోజుల ప్యాకేజీలో లాంగ్ ఐలాండ్‌కూ చోటు దొరుకుతుంది. రిసార్టు గోడ లోపల ఎంత ఎకో పాటించినా గోడ బయట మారేది ఇది. నిజానికి పది ఇరవై ఇళ్లు రెండేసి గదులు అద్దెకిచ్చుకుంటే అఖాతం మీద అంత బరువు పడదు, డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. కాకపోతే దానికి టెండరు పిలవలేం, శంకుస్థాపనా చేయలేం.

మ్యాపులో ఖాళీగా కనిపించే అఖాతాలన్నిటికీ ఇలాంటి ప్రమాదం ఉంది. గ్రేట్ నికోబార్‌లోని గలాథియా బే తోలువీపు తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. 2021 జనవరిలో అక్కడి అభయారణ్యాన్ని డీనోటిఫై చేశారు, అంటే ఆ హోదా తీసేశారు, ఇప్పుడు కంటైనర్ల ఓడరేవు ప్రాజెక్టు అక్కడే. పర్యాటకుడు ఖాళీని చూసి మురిసిపోతాడు, ప్రణాళిక రాసేవాడు అదే ఖాళీని చూసి స్థలం దొరికిందనుకుంటాడు. తాబేలు గానీ, వల వేసుకునే మనిషి గానీ ఇద్దరి లెక్కలోనూ పెద్దగా ఉండరు.

వెళ్లదలచుకుంటే

దారి ఎంపికతోనే మొదలుపెట్టాలి. రంగత్‌కు వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జరావా అనే ఆదివాసీ తెగవారి రిజర్వు గుండా పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలను వరసగా నిలబెట్టి, కాన్వాయ్‌గా పంపుతారు. దారిలో ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు. జరావాలు నాలుగు వందల పైచిలుకు మందే. ఆ రోడ్డులో కొంత భాగాన్ని మూసేయాలని సుప్రీం కోర్టు 2002లోనే చెప్పింది, అయినా బస్సులు నడుస్తూనే ఉన్నాయి. వాళ్ల ఇంటి మధ్యలోంచి విహారయాత్రకు పోవడం ఇష్టం లేనివాళ్లకు ఫీనిక్స్ బే నుంచి పడవ ఉండనే ఉంది. కాలం ఎక్కువ పడితే పట్టనివ్వండి. అయితే ఆ ప్రభుత్వ పడవే దీవుల వాళ్లకు బస్సు, అంబులెన్సు, సరుకుల బండి. సీట్లు కొద్దిగా ఉన్నప్పుడు ఆస్పత్రికి వెళ్లాల్సిన మనిషి వెనక్కి తగ్గి, విహారానికి వచ్చినవాళ్లు ఎక్కే పరిస్థితి రాకుండా టికెట్ ముందే చూసుకోవడం కనీస మర్యాద.

భాష గురించి బెంగ అక్కర్లేదు. 2011 జనగణనలో ద్వీపాల జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల క్రితం వెళ్లిన కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఇంకా చేపల వేట మీదే బతుకుతున్నాయి. విశాఖ రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఓడ కూడా ఉంది. నెలకు ఒకటి అటూ ఇటూగా, రెండున్నర రోజుల ప్రయాణం.

లాంగ్ ఐలాండ్‌లో దిగాక జెట్టీ దగ్గరే అటవీ శాఖ ఆఫీసు. లాలాజీ బేకి అక్కడ అనుమతి తీసుకోవాలి. అడవి దారిన నడిస్తే గంటన్నర, రెండు గంటలు. వాన పడితే ఆ దారి జారుతుంది, జలగలు పట్టుకుంటాయి. డుంగీలో తేలిక. ఎప్పుడు బయల్దేరాలన్నది మాత్రం మన చేతిలో ఉండదు, సముద్రం ఎక్కే పోటు, దిగే పాటుల చేతిలో ఉంటుంది. పాటు వేళ ఒడ్డు దగ్గరి పగడాల దిబ్బ పైకి తేలితే డుంగీ దూరంగానే ఆగిపోతుంది. అప్పుడు పగడాల మీద నడిచి రావాలి, పగడాలకూ నష్టం, అరికాళ్లకూ నష్టం. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ఈరోజు పదింటికి పోటు ఉంటే వారం తర్వాత అదే పదింటికి పాటు. పంచాంగం చూసే అలవాటున్నవాళ్లకు ఇంకో సౌకర్యం. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటుకూ పాటుకూ తేడా దాదాపు రెండు మీటర్లు ఉంటుంది, అష్టమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు. తిథి తెలిస్తే నీళ్లు ఎంత వెనక్కి పోతాయో ఇంటి దగ్గరే అంచనా వేయొచ్చు, కచ్చితమైన వేళ మాత్రం డుంగీ మనిషిని అడగాలి. ఆయన ఎప్పుడంటే అప్పుడే బయల్దేరాలి, వాచీ చూపించి వాదించడం దండగ.

అక్కడ సూర్యుడు కూడా మన వేళలు పాటించడు. దీవులు తూర్పున ఎక్కడో ఉన్నా గడియారం మాత్రం మనదే. డిసెంబరులో అయిదింటికల్లా పొద్దు గుంకుతుంది, హైదరాబాద్ కంటే ముప్పావు గంట ముందు. నడిచి వచ్చేవాళ్లు మూడింటికే వెనుదిరగాలి.

ఖాళీ తీరానికి మరో ముఖం మొసలి. ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల కాలువల్లో ఉంటాయి, సముద్రంలోనూ ఈదుతాయి. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. రద్దీ బీచ్‌లో అయితే చూసి అరిచేవాళ్లుంటారు, లైఫ్ గార్డు ఈల వేస్తాడు. ఇక్కడ కాలువ ఎక్కడ కలుస్తుందో ఊరివాళ్లను అడిగి, దానికి దూరంగా, పట్టపగలు మాత్రమే నీళ్లలో దిగాలి. ఒంటరిగా వద్దు. శాండ్‌ఫ్లైలు ప్రాణం తీయవు గానీ కంటికి ఆనకుండా కుట్టి వారం రోజులు గోకిస్తాయి, కొబ్బరినూనె పట్టిస్తే కొంత నయం. చచ్చిన పగడం ముక్క గుర్తుగా తెచ్చుకుంటే తప్పేముందని కొందరికి అనిపిస్తుంది. వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అదీ నేరమే, విమానాశ్రయంలో బ్యాగులు చూసేది అందుకే.

చివరిది వాతావరణం. మే నుంచి నైరుతి, అది పోగానే ఈశాన్య రుతుపవనాలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది. 2016 డిసెంబరులో తుఫాను వల్ల పడవలు ఆగిపోయి హేవ్‌లాక్‌లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు, నౌకాదళం వెళ్లి తీసుకురావలసి వచ్చింది. రోజుకు అన్నేసి ఫెర్రీలు తిరిగే దీవికే ఆ గతి పడితే, వారానికి కొన్ని పడవలున్న లాంగ్ ఐలాండ్ సంగతి వేరే చెప్పాలా? అందుకే దిగగానే ముందు లాంగ్ ఐలాండ్‌కు పోవాలి, సెల్యులార్ జైలు, రాస్ ఐలాండ్, మ్యూజియంలు చివరి రెండు రోజులకు ఉంచుకోవాలి. పడవ ఒక రోజు ఆలస్యమైతే రాస్ ఐలాండ్ పోతుంది, విమానం పోదు. అన్ని రోజులు చేతిలో లేనివాళ్లకు హేవ్‌లాకే మేలు. రాధానగర్‌కు పొద్దున ఆరున్నరకు వెళ్లాలి, జెట్టీ దగ్గర కాకుండా ఆ బీచ్ పక్కనే గది తీసుకోవాలి.